క్యాండీ రంగు కోసం కొన్న ఎయిర్‌బ్రష్: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

హాట్ రాడ్ (పాత కారును సొంత అభిరుచికి మార్చి కట్టుకున్న కారు) మోడళ్లు కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎయిర్‌బ్రష్ కొనాలా, స్ప్రే డబ్బాతో సరిపోతుందా?" ఎయిర్‌బ్రష్ అంటే గాలి ఒత్తిడితో రంగును సన్నగా చిమ్మే పెన్నులాంటి పనిముట్టు; ఎనిమిదేళ్లుగా ఒకటే వాడుతున్నాను. దానితో 1/25 స్కేల్‌లో (అసలు కారులో ఇరవై ఐదో వంతు) 14 కార్లు పూర్తి చేశాను, ఇంకో మూడు బల్ల మీద ఉన్నాయి. నా మాట ఇది. నల్లటి హాట్ రాడ్, ఎర్రటి హాట్ రాడ్, ఇలా ఒకే గట్టి రంగు వేసేట్టయితే మంచి స్ప్రే డబ్బా చాలు. షో కారు, అందులోనూ క్యాండీ రంగు కావాలంటే మాత్రం ఎయిర్‌బ్రష్ కొనాల్సిందే. నేను దీన్ని కొన్నది క్యాండీ కోసమే, ఇప్పటికీ ఎక్కువగా వాడేది దానికే.

నాది 0.3 మి.మీ. నాజిల్ ఉన్న డబుల్ యాక్షన్ రకం. రంగు కప్పు పైన ఉంటుంది. మీట కిందికి నొక్కితే గాలి వస్తుంది, వెనక్కి లాగితే రంగు వస్తుంది. ఈ రెండూ వేళ్లకు అలవాటు కావడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. ట్యాంకు ఉన్న చిన్న కంప్రెసర్ తగిలించాను. ట్యాంకు లేనిదైతే గాలి వణుకుతూ వస్తుంది, ఆ వణుకు రంగులో కనబడుతుంది. నీటి ఫిల్టర్ తప్పకుండా ఉండాలి. గాలిలో తేమ ఎక్కువున్న రోజు గొట్టంలోంచి ఒక్క నీటిచుక్క వచ్చి పడినా బానెట్ మీద మచ్చ మిగిలిపోతుంది.

క్యాండీ అంటే ఏమిటో తెలిస్తేనే ఈ పనిముట్టు విలువ తెలుస్తుంది. కింద వెండి రంగో బంగారు రంగో మెటాలిక్ పొర వేస్తాం. దాని మీద వేసేది మామూలు రంగు కాదు, గాజులాంటి పారదర్శకమైన రంగు. వెలుతురు ఆ రంగులోంచి లోపలికి వెళ్లి, అడుగున ఉన్న లోహపు పొరకు తగిలి, మళ్లీ ఆ రంగులోంచే బయటికి వస్తుంది. ఆ లోతు వచ్చేది అందుకే. 1950ల్లో కాలిఫోర్నియాలో కార్లకు రంగులు వేసే జో బైలాన్‌కు పేరు తెచ్చిపెట్టిన క్యాండీ యాపిల్ ఎరుపు ఇదే పద్ధతి. కారు మీద ఆ రంగు తడిగా, ఇప్పుడే పాకం పట్టినట్టు ఉంటుంది. అదే తడి మెరుపు అరచేతిలో పట్టే మోడల్ మీద రావాలన్నదే నా ఆశ.

చిక్కల్లా ఏమిటంటే, పారదర్శకమైన రంగు కాబట్టి ప్రతి పొరకూ ముదురుతుంది. నా మూడో కారు 1932 ఫోర్డ్ త్రీ విండో కూపే (రెండు తలుపుల చిన్న కారు). టాప్ చాప్ చేశాను, అంటే కిటికీ స్తంభాలు కోసి పైకప్పును కిందికి దించాను. 1/25 స్కేల్‌లో అంగుళం అంటే దాదాపు ఒక మిల్లీమీటరే, కాబట్టి మూడంగుళాల చాప్ అంటే కిటికీ స్తంభాల్లోంచి 3 మి.మీ. కోసి తీసేయడం. లెక్క అంత తేలిక. పైగా 32 ఫోర్డ్ స్తంభాలు దాదాపు నిటారుగా ఉంటాయి కాబట్టి టాప్ కిందికి దించితే దాదాపు అతుక్కుంటుంది. 1949 మెర్క్యురీతో అలా కుదరదు. స్తంభాలు వాలుగా ఉండటంతో టాప్ దించగానే పైముక్క, కిందిముక్క ఎడం అయిపోతాయి, టాప్‌ని మధ్యలో కోసి సాగదీయాలి. ఆ కూపే బాడీ పని బాగా కుదిరింది. రంగు దగ్గర పాడు చేశాను. బాడీకి ఒక రోజు, బానెట్‌కి మరుసటి రోజు క్యాండీ ఎరుపు వేశాను. బాడీ మీద ఎయిర్‌బ్రష్ తొమ్మిది సార్లు తిప్పానని, బానెట్ మీద ఆరు సార్లే తిప్పానని రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు గానీ గుర్తుకు రాలేదు. బానెట్ ఇంకో కారు నుంచి తెచ్చి పెట్టినట్టు లేతగా ఉంది. రెండింటి రంగూ పూర్తిగా తీసేసి, ప్రైమర్ నుంచి మళ్లీ మొదలుపెట్టాను.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. బానెట్, డిక్కీ, విడిగా కోసిన తలుపులు అన్నింటినీ లోపలి నుంచి టేపుతో వాటి చోటే నిలబెట్టి, బాడీని ఒక సీసా మూతి మీద బిగిస్తాను. గాలి ఒత్తిడి 15 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), దూరం పది సెంటీమీటర్లు, థిన్నర్ బాగా కలిపిన పలుచటి రంగు. ఒకసారి పొడవుగా, ఒకసారి అడ్డంగా తిప్పుతాను. చెయ్యి బాడీ అంచు దాటాకే మీట వదులుతాను. తిప్పిన ప్రతిసారీ పైకే లెక్కపెడతాను. ఆ సమయంలో ఎవరు పలకరించినా జవాబు చెప్పను. ఇంట్లో వాళ్లకు ఇది అలవాటైపోయింది.

ప్రతి కారుకూ ముందు ప్లాస్టిక్ చెంచాల మీద నమూనా వేసి చూస్తాను. చెంచా వీపు వంపు ఫెండర్ వంపులా ఉంటుంది కాబట్టి వెలుతురు ఎలా జారుతుందో అక్కడే తెలిసిపోతుంది. ఒకే క్యాండీ ఎరుపు వెండి మీద వేస్తే చల్లగా, కాస్త గులాబీ వైపు పోతుంది. బంగారు పొర మీద వేస్తే నిప్పుకణికలా ఉంటుంది. నాలుగు సార్లు, ఆరు, ఎనిమిది, పది సార్లు తిప్పిన చెంచాలు నాలుగు వరసలో పెట్టి, వాటి వెనక పెన్నుతో సంఖ్య రాసి ఉంచుకుంటాను. నా డబ్బాలో ఇప్పుడు నూటికి పైగా చెంచాలున్నాయి. రంగుల పుస్తకాలు ఏవీ నాకు అంతగా ఉపయోగపడలేదు.

మెటల్ ఫ్లేక్, అంటే రంగులో మెరుపు కోసం వాడే రేకు రేణువుల గురించి ఒక హెచ్చరిక. అసలు కార్లకు వాడే ఫ్లేక్ రేణువులు 0.1 నుంచి 0.6 మి.మీ. దాకా ఉంటాయి. 0.2 మి.మీ. రేణువును 1/25 మోడల్ మీద చల్లితే, అసలు కారు లెక్కలో అది అర సెంటీమీటరు పెంకు అవుతుంది. మెరుస్తుంది, సందేహం లేదు, కానీ చూడగానే బొమ్మ అని తెలిసిపోతుంది. అందుకే నేను అభ్రకంతో చేసే పెర్ల్ పొడి, 20 మైక్రాన్ల పరిధిలోది, క్లియర్‌లో (పైన వేసే రంగులేని పారదర్శక పూత) కలిపి కొడతాను. స్కేల్‌లో అది అర మిల్లీమీటరు అవుతుంది, అదే సరైన కొలత. 0.3 నాజిల్‌లో ఈ పొడి తరచూ ఉండకట్టి ఇరుక్కుంటుంది. ఈ పనికి మాత్రం నా ఎయిర్‌బ్రష్ చాలదని ఒప్పుకోవాలి, 0.5 మి.మీ. నాజిల్ కావాలి.

నన్ను బాగా బాధపెట్టిన అనుభవం ఇంకొకటి ఉంది. కస్టమ్ కార్లు కట్టే జార్జ్ బారిస్ చేసిన 'అలా కార్ట్' అనే కారు, 1958లోనూ 1959లోనూ ఓక్లాండ్ కార్ల షోలో అమెరికాలోకెల్లా అందమైన రోడ్‌స్టర్‌గా గెలిచిన ఆ 1929 ఫోర్డ్ రోడ్‌స్టర్ పికప్ ట్రక్కు, నాకు ప్రాణం. దాని ముత్యపు తెలుపు మీద స్కాలప్‌లు (కొనదేరిన పొడవాటి రంగు పట్టీలు) చూసి, నేను తలకిందులుగా చేద్దామనుకున్నాను: ఎర్రటి క్యాండీ మీద తెల్లటి స్కాలప్‌లు. రాత్రి టేపు తీసినప్పుడు అంచులు కత్తితో కోసినట్టు ఉన్నాయి. పొద్దున లేచి చూస్తే తెలుపంతా గులాబీ రంగులోకి తిరిగింది. క్యాండీలో ఉండేది కరిగే రంగు, పైన వేసిన పొరలోకి అది ఊరి వస్తుంది. మూడు వారాల పని పోయింది. ఇప్పుడు లేత రంగు ముందు వేసి, దాన్ని టేపుతో కప్పి, క్యాండీ చివరన వేస్తాను. అంచు దగ్గర మీటను కొంచెమే లాగి సన్నటి నీడ వేయడం కూడా అప్పుడే. కార్ల పెయింటర్ లారీ వాట్సన్ ప్యానెల్ పెయింటింగ్‌లో (బాడీ భాగాల అంచుల వెంట వేరే రంగు వేసే పద్ధతి) ఉండే ఆ మసక అంచు స్ప్రే డబ్బాతో నాకు ఒక్కసారీ రాలేదు.

ఇక పనిముట్టు మన్నిక. ఎనిమిదేళ్లలో సూదులు మూడు మార్చాను. మూడూ నా చెయ్యి జారే కొస వంగాయి. సూది కొసను గోరు మీద నెమ్మదిగా లాగితే, వంగి ఉంటే గీరుకుంటుంది. కంటికి కనబడని వంపు అలా తెలుస్తుంది. వంగిన సూదితో కొడితే రంగు ఒక పక్కకు చిమ్ముతుంది. నాజిల్ ఒకటి బిగించేటప్పుడు పగిలింది. అది గోధుమగింజ కంటే చిన్నది, రెంచితో కాస్త ఎక్కువ తిప్పితే చాలు. లోపలి రబ్బరు ఓ-రింగులు లాకర్ (ఘాటైన ద్రావకంతో చేసే, త్వరగా ఆరే రంగు) థిన్నర్‌కు ఉబ్బిపోయాయి. థిన్నర్‌ను తట్టుకునే టెఫ్లాన్‌వి వేశాక మళ్లీ ఇబ్బంది రాలేదు. బాడీ, మీట, స్ప్రింగు అన్నీ కొన్ననాటివే.

శుభ్రం చేయడం మీదే దీని బతుకంతా ఉంది. పది నిమిషాలు రంగు కొడితే పదిహేను నిమిషాలు కడగాలి. ఆ ఓపిక లేనివాళ్లకు ఈ పనిముట్టు నేను సిఫార్సు చేయను. రసాయన ఆవిరికి పనికొచ్చే ఫిల్టర్ మాస్కు, బయటికి గాలి లాగే ఫ్యాను లేకుండా లాకర్ జోలికి అసలు వెళ్లవద్దు.

దీనివల్ల నాకు దక్కినది రంగు ఒక్కటే కాదు. కస్టమ్ కార్లు కట్టే ఎడ్ రాత్ 1961లో చేసిన బీట్‌నిక్ బాండిట్, ఫైబర్‌గ్లాస్ బాడీ మీద పారదర్శక ప్లాస్టిక్ బుడగ టాప్ ఉన్న కారు, రెవెల్ కంపెనీ మోడల్ కిట్‌గా కూడా వచ్చింది. దాన్ని చూసినప్పటి నుంచి నాకంటూ ఒక బుడగ కారు కట్టాలని ఉంది. మోడల్ కిట్ల కంపెనీ ఏఎంటీ 1958లో మూడు రకాలుగా కట్టుకునే కిట్లు తెచ్చినప్పటి నుంచి ఈ పనిలో మిగులు భాగాలకు కొదవ లేదు. నా డబ్బాలోనూ అలాంటివి పోగుపడ్డాయి: వాడని టెయిల్ లైట్లు, ఒంటరి ఫెండర్లు, రెండో ఇంజను. వాటితోనే కడుతున్నాను. ముందుభాగం ఒక పక్కకే బరువుగా ఉంటుంది, హెడ్‌లైటు ఒక్కటే. టాప్ కోసం పారదర్శక ప్లాస్టిక్ అర్ధగోళం కోశాను. రంగు బంగారు పొర మీద క్యాండీ ఆకుపచ్చ, చెంచా సంఖ్య 8. నిన్న ఎనిమిదో తిప్పు పూర్తయింది. క్లియర్ వేసే ముందు రెండు రోజులు ఆరాలి, అందుకే మూత కప్పి పక్కన పెట్టాను.