మూకీల కాలం వస్తువులు: రీళ్లా, కాగితాలా, గాజు స్లైడ్లా... ఏది మేలు?

నల్లగొండలోనో పాలమూరులోనో ఉంటూ మూకీ సినిమాల నాటి వస్తువులు పోగేయాలనుకునేవాళ్ల చూపు ముందు రీళ్ల మీదికే పోతుంది, సినిమా అంటే రీలే కదా అని. నన్నడిగితే రీళ్ల జోలికి పోకండి, కాగితాలు పట్టుకోండి.

1950ల మొదటిదాకా థియేటర్లలో ఆడిన 35 ఎంఎం ఫిల్మ్ దాదాపు అంతా నైట్రేట్, అంటే ఇట్టే అంటుకునే ఒక రకం ప్లాస్టిక్. మండడానికి కావలసిన ఆక్సిజన్ దాంట్లోనే ఉంటుంది కాబట్టి ఒకసారి అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. పాతబడేకొద్దీ పసుపురంగుకు తిరిగి, జిగట పట్టి, బుడగలు లేచి, ఆఖరికి గోధుమరంగు పొడి అయిపోతుంది. బాగా చెడిన రీలు ఎక్కువ రోజులు 40 డిగ్రీల పైన వేడిలో ఉంటే తనంతట తానే అంటుకోవచ్చు. మరి మన ఎండాకాలం సంగతి తెలిసిందే, మే నెలలో రేకుల గదిలో ఫ్యాన్ గాలే కాలుతుంది. 2003లో పుణెలో సర్కారు భద్రపరిచిన నైట్రేట్ రీళ్లే కాలిపోయాయి, ఇక మన బీరువా ఎంత? ఎక్కడైనా పాత రీలు కనబడితే దాన్ని బస్సు పార్సిల్లో వేసి పంపకుండా, పుణె నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కు కబురు చేయడం మంచిది. మన దేశంలో తీసిన 1300 పైచిలుకు మూకీల్లో కనీసం 30 కూడా మిగల్లేదు, కాబట్టి దొరికిన ముక్క ఏదైనా అక్కడికి చేరాల్సిందే.

రీలు మీద మనసు చావదంటే ఫ్రాన్సుకు చెందిన పాతే (Pathé) కంపెనీ 1922లో ఇళ్లలో చూసుకోవడానికి తెచ్చిన 9.5 ఎంఎం చిన్న రీళ్లున్నాయి. రంధ్రాలు అంచుల్లో కాకుండా ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్యలో ఉంటాయి, చూడగానే గుర్తుపట్టొచ్చు. అవి నైట్రేట్ కాదు, అగ్గి భయం లేదు. కానీ ఆడించే మిషన్ దొరకాలి, దొరికితే బాగుచేసేవాడు దొరకాలి. పాత ప్రొజెక్టర్లదీ ఇదే కథ, పైగా పిరం.

గాజు స్లైడ్లు నాకు ఇష్టమే. ఆట మొదలయ్యే ముందు, రీలు మార్చేటప్పుడు తెర మీద వేసేవాళ్లు. రీళ్లలా వేడికి అంటుకోవు, చెదలు పట్టవు. పగిలితే మాత్రం అంతే.

ఇక కాగితాలు. కరపత్రాలు, కథ అచ్చేసిన చిన్న పుస్తకాలు, తారల ఫోటో పోస్టుకార్డులు, సిగరెట్ పెట్టెల్లో వచ్చిన బొమ్మల కార్డులు. మూకీకి భాష అడ్డం లేదు కాబట్టి ఒకే కరపత్రం మీద ఇంగ్లీషు, ఉర్దూ, గుజరాతీ పక్కపక్కన కనబడుతుంటాయి, నాకైతే సినిమా కంటే అదే ఎక్కువ చెప్తుంది. మన తెలంగాణ వాసన కావాలన్నా కాగితమే దిక్కు. బెంగాలీ దర్శకుడు ధీరేన్ గంగూలీ 1922లో హైదరాబాద్‌లో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీశాడు, 1924లో నిజాం ఆయన్ని వెళ్లగొట్టాడు. ఆ కంపెనీ కాగితం ఒక్కటి దొరికినా పండగే. కరీంనగర్‌లో పుట్టి 1929 నుంచే మూకీల్లో నటించిన పైడి జైరాజ్ కార్డు దొరికినా అంతే, ఆయనకు 1980లో ఫాల్కే అవార్డు కూడా వచ్చింది.

పెద్ద పోస్టర్లను మాత్రం నమ్మకండి. అసలువి చాలా అరుదు, అంగట్లో తిరిగేవి ఎక్కువగా కొత్తగా అచ్చేసినవి. భూతద్దం పెట్టి చూడండి, చుక్కలు చుక్కలుగా వరుసలు కడితే అది ఆఫ్‌సెట్ అచ్చు, పాతకాలం పోస్టర్లు వేసిన రాతి అచ్చులో (లిథోలో) గింజలు అడ్డదిడ్డంగా ఉంటాయి. దుకాణాల్లో నోట్లు చూసే నీలం లైటు వేస్తే 1950ల తర్వాతి కాగితం చాలాసార్లు తెల్లగా మెరుస్తుంది, అంతకు ముందుది మెరవదు. ఇంకోటి, "మూకీ పాటల పుస్తకం" అని అమ్మితే నవ్వి వచ్చేయండి. మూకీలో పాటెక్కడిది? అవి 1931 తర్వాత, టాకీలు వచ్చాక పుట్టినవి.

దొరికేది ఎక్కడ అంటే, హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్, గురువారం జుమ్మెరాత్ బజార్. నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. ఊళ్లో రద్దీ (పాత కాగితాల) దుకాణాల్లో పాత సందుగల అడుగున పరిచిన కాగితాలు కూడా తిరగేయండి, అక్కడ అగ్గువకే ఇస్తారు.

తెచ్చాక లామినేషన్ చేయించొద్దు, సెల్లో టేపు వేయొద్దు. పీవీసీ కవర్లు కాదు, పాలిస్టర్ కవర్లు కొని, గోడకు ఆనని బీరువాలో, నేలకు ఎత్తుగా పెట్టండి. వానాకాలం అయ్యాక ఒకసారి తీసి నీడలో ఆరబెట్టాలి.