ఐదు నెలలుగా రోజూ ఐదు కిలోమీటర్లు: మా కుక్క బెల్లానికి కొన్న హార్నెస్ సంగతి

ముందే చెప్పేస్తున్నా, ఈ హార్నెస్, అంటే కుక్క ఒంటి చుట్టూ కట్టే పట్టీల తొడుగు, ఎవరో ఊరికే ఇచ్చింది కాదు, నా సొంత డబ్బు 1,450 రూపాయలు పెట్టి కొన్నది. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే కింద కాస్త తిట్టాను.

నాకు యాభై రెండేళ్లు. షుగర్ గీత మీద ఉంది, వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవండి అన్నారు డాక్టరు గారు. అన్నారు సరే, పొద్దున్నే లేపేదెవరు? ఆ పని బెల్లం చేస్తోంది. అనకాపల్లి బెల్లం రంగులో ఉందని ఆ పేరు పెట్టాం, వీధి కుక్క పిల్ల, ఇప్పుడు మూడేళ్లు, 19 కిలోలు. ఐదింటికల్లా మంచం పక్కన నిలబడి తడి ముక్కు తెచ్చి నా చేతికి ఆనిస్తుంది, ఇంక పడుకుంటే ఒట్టు. ఎంవీపీ కాలనీలో బయల్దేరి లాసన్స్ బే మీదుగా తెన్నేటి పార్కు వరకు, అదే 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి ఒడ్డెక్కిన చోటు, అక్కడిదాకా వెళ్లి వెనక్కి వస్తాం.

మొదట్లో మెడకి పట్టీ కట్టేవాణ్ణి. దారిలో చేపల వాసన తగలగానే అది లాగే లాగుడికి దానికి గొంతు పట్టుకుని దగ్గు, నాకు కుడి భుజం పట్టేసి రాత్రంతా నొప్పి. అందుకే ఛాతీ మీద కూడా రింగు ఉన్న ఈ హార్నెస్ కొన్నాను. దీని కిటుకు చాలా చిన్నది. వీపు మీద రింగుకి తాడు తగిలిస్తే కుక్క ఛాతీ ఆనించి బండి లాగినట్టు ఇంకా లాగుతుంది. ముందు రింగుకి తగిలిస్తే లాగినప్పుడల్లా దాని ఒళ్లు పక్కకి తిరిగిపోయి మన వైపు చూస్తుంది, లాగడం దండగ అని దానికే తెలుస్తుంది. మా దానికి పది రోజులు పట్టింది. తాడు అప్పుడప్పుడు ముందు కాళ్లకి చుట్టుకునే మాట నిజమే, అందుకే జనం ఉన్నచోట ముందు రింగు, ఖాళీ రోడ్డు మీద వెనక రింగు వాడుతున్నాను. వెళ్లేటప్పుడు నా నడక, గబగబా. వచ్చేటప్పుడు దాని నడక, ప్రతి స్తంభమూ వాసన చూడాల్సిందే. ఈ ఒప్పందం కుదరకపోతే ఇద్దరికీ టెన్షనే.

ఇప్పుడు తిట్లు. సైజులు కిలోల లెక్కన ఇచ్చారు, 19 కిలోలంటే ఎం సైజు అన్నారు. మన నాటు కుక్కలకి ఛాతీ లోతు, నడుము సన్నం, తల చిన్నది, ఈ లెక్క అస్సలు పనికిరాదు. ఛాతీ దగ్గర బిగుతుగా ఉందని పట్టీలన్నీ పూర్తిగా వదులు చేశాను, అక్కడే దెబ్బతిన్నాను. ఒకరోజు వెనక నుంచి బైకువాడు హారన్ కొడితే బెల్లం వెనక్కి వెనక్కి నడిచి, తలా కాళ్లూ లాక్కుని బయటపడింది. నా చేతిలో ఖాళీ హార్నెస్. నా గుండె ఆగినంత పనైంది, అదేమో పోయి చేపల బుట్టల పక్కన కూర్చుంది. అక్కడున్న ముసలమ్మ నాలుగు నెత్తళ్లు విసిరి, "ఏటి బాబూ, గుర్రానికి కట్టినట్టు కట్టినావు, మరి ఆగనేదేటి?" అంది. అప్పటి నుంచి పట్టీకి, ఒంటికి మధ్య రెండు వేళ్లు మాత్రమే దూరేలా బిగిస్తున్నాను, మెడ పట్టీని కూడా ఒక చిన్న తాడుతో హార్నెస్‌కి కలిపి ఉంచుతున్నాను. టేపు తీసుకుని ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత కొలిచాకే కొనండి.

రెండో తిట్టు తాడు కొక్కేనికి. తుప్పు పట్టదని డబ్బా మీద రాసి ఉంది. ఆరు వారాలకి స్ప్రింగు దగ్గర ఎర్రటి పొడి రాలడం మొదలైంది, తర్వాత బొటనవేలితో ఎంత నొక్కినా వెనక్కి జరగలేదు. అయస్కాంతం పెట్టి చూస్తే టక్కున అతుక్కుంది. విశాఖ ఉప్పుగాలికి ఇంటి గ్రిల్స్ ఆగవు, ఇదేం ఆగుతుంది? చేపల రేవు దగ్గర పడవ సామాన్లు అమ్మే కొట్లో 180 రూపాయలకి ఇత్తడి కొక్కెం తెచ్చి మార్చాను, ఇప్పటికి చెక్కు చెదరలేదు.

లోపలి మెత్త బాగానే ఉంది, కానీ తడి ఇసుక అందులో ఇరుక్కుంటే చంకల్లో ఒరుసుకుని ఎర్రబడుతుంది. ఇంటికి రాగానే విప్పి మంచినీళ్లలో జాడించి నీడలో ఆరేస్తున్నాను, అదే సమయంలో చెవుల వెనకా, వేళ్ల మధ్యా పిడుదులు ఉన్నాయేమో చూసేస్తున్నాను. వాన పడితే మర్నాటికి ఆరదు, అదో తలనొప్పి. మెరుపు పట్టీ మూడో నెలకే పొరలు పొరలుగా ఊడిపోయింది.

ఎండాకాలంలో మందంగా ఉంటుందని కొందరు అంటున్నారు. నాకైతే ఇబ్బంది రాలేదు, ఎందుకంటే అసలు పొద్దున ఏడు దాటాక బయటికే తీసుకెళ్లను. అరచేతి వెనక భాగం తారు రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలు కూడా అక్కడ పెట్టకూడదు.

ఐదుకి మూడున్నర ఇస్తాను. నిన్న రెండోది ఆర్డరు పెట్టాను, ఈసారి ఎల్ సైజు, ఎర్ర రంగు. ఇత్తడి కొక్కెం మాత్రం పాత తాడు నుంచి విప్పి సిద్ధంగా ఉంచుకున్నాను.