ఇల్లు వేలంలో పోయాక మిగిలిన బాకీ: సెటిల్‌మెంటా, వాయిదాలా, కోర్టా, ఐపీయా? ఏది మేలు?

ఇంటిని బ్యాంకు వేలం వేసేసింది కాబట్టి లోను కూడా తీరిపోయిందని చాలామంది అనుకుంటారు. తీరదు. తాకట్టు ఆస్తిని కోర్టుకు వెళ్లకుండా అమ్ముకునే అధికారం బ్యాంకులకు ఇచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం 13(10) సెక్షన్ ప్రకారం, అమ్మకం సొమ్ము బాకీకి చాలకపోతే తక్కువపడ్డ మొత్తం కోసం బ్యాంకు మళ్లీ మీ మీదికి రావచ్చు. అయితే అప్పటికీ ఇప్పటికీ పెద్ద తేడా ఒకటుంది. ఇల్లు తాకట్టులో ఉన్నంతకాలం బ్యాంకు కోర్టు మెట్లెక్కి బాకీ రుజువు చేయకుండానే దాన్ని స్వాధీనం చేసుకుని అమ్మగలిగింది. ఇప్పుడు దాని చేతిలో మిగిలింది తాకట్టు లేని బాకీ. వసూలు కావాలంటే దావా వేయాలి, లెక్క రుజువు చేయాలి, ఆ తర్వాతే జప్తు. మిగిలిన మొత్తం 20 లక్షలు, ఆపైన ఉంటే దావా డీఆర్‌టీలో (బ్యాంకు బాకీల వసూలు ట్రిబ్యునల్‌లో), అంతకు తక్కువైతే మామూలు సివిల్ కోర్టులో. బేరమాడే బలం మీకు ఇల్లు పోకముందు కన్నా ఇప్పుడే ఎక్కువ. కింద చెప్పే దారులన్నిటినీ ఈ సంగతి గుర్తుపెట్టుకునే తూచాలి.

ఏ దారి పట్టినా ముందు చేయాల్సిన పని ఒక్కటే: బ్యాంకు చెప్పిన అంకెను ఒప్పుకోకండి, లెక్క అడగండి. ఉదాహరణకు 13(2) నోటీసు (బాకీ కట్టమని సర్ఫేసీ కింద బ్యాంకు ఇచ్చే నోటీసు) నాటికి బాకీ 32 లక్షలు. వేలానికి 15 నెలలు పట్టింది. ఏడాదికి 9 శాతం సాధారణ వడ్డీ వేస్తే 3.60 లక్షలు. పత్రికా ప్రకటన, వాల్యుయేషన్, స్వాధీనం ఖర్చులు 80 వేలు అనుకుందాం. మొత్తం 36.40 లక్షలు. ఇల్లు 27.50 లక్షలకు పోతే మిగిలేది 8.90 లక్షలు. బ్యాంకు మిమ్మల్ని 12 లక్షలు అడుగుతుంటే ఆ తేడా ఎక్కడిదో తేలాలి. ఎక్కువసార్లు అది మూడు చోట్ల దొరుకుతుంది. ఒకటి, వాయిదా తప్పినందుకు వేసే అపరాధ వడ్డీ. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం దాన్ని వడ్డీ రేటుకు కలపకూడదు, విడిగా ఛార్జీగానే వేయాలి, ఆ ఛార్జీ మీద మళ్లీ వడ్డీ కట్టకూడదు. కొత్త లోన్లకు ఇది 2024 ఏప్రిల్ నుంచి వర్తించింది, పాత లోన్లకు 2024 జూన్ నెలాఖరులోగా వర్తింపజేయాల్సి వచ్చింది. రెండు, రసీదులు లేని ఖర్చులు. మూడు, వేలం సొమ్మును జమ చేసిన తేదీ. కొన్నవాడు 25 శాతం వేలం రోజున గానీ మరుసటి పనిదినాన గానీ కట్టాలి, మిగతా 75 శాతం మామూలుగా 15 రోజుల్లో. ఆ సొమ్ము మీ ఖాతాలో ఆలస్యంగా జమైతే మధ్య రోజులకు మీ మీద అనవసరంగా వడ్డీ పడుతుంది. అందుకే లోను ఖాతా పూర్తి స్టేట్‌మెంట్, వాల్యుయేషన్ రిపోర్టు, సేల్ సర్టిఫికెట్ నకలు, ఖర్చుల రసీదులు కావాలని రాతపూర్వకంగా, రిజిస్టర్డ్ పోస్టులో అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

ఆ ఉత్తరం రాసేటప్పుడే ఒక జాగ్రత్త. “నా బాకీ ఇంత, త్వరలో కడతాను” అని సంతకం పెట్టి ఇస్తే లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ కింద బ్యాంకు దావా వేయగల కాలపరిమితి ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. కొంత సొమ్ము కట్టినా 19వ సెక్షన్ కింద అదే ఫలితం. “నా హక్కులకు భంగం లేకుండా, బాకీని ఒప్పుకోకుండా రాస్తున్నాను” అన్న వాక్యం ఉత్తరం మొదట్లోనే ఉండాలి.

ఇక పోలిక. చేతిలోకి ఒకేసారి కొంత డబ్బు రాగలిగితే, అంటే ఊళ్లో స్థలమో బంగారమో అమ్మితేనో, అన్నదమ్ములు సర్దితేనో, ఓటీఎస్ (తగ్గించిన మొత్తం కట్టి బాకీ ముగించుకునే వన్ టైమ్ సెటిల్‌మెంట్) అన్నిటికన్నా మేలు. అయితే అది హక్కు కాదు. ఓటీఎస్ ఇచ్చి తీరాలని బ్యాంకును కోర్టు ఆదేశించజాలదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి అడగడంలోనే నేర్పు ఉండాలి. మీ జీతం, ఆస్తులు, ఇతర అప్పులు చూపే కాగితాలు జతచేసి, ఇంత మొత్తం ఫలానా తేదీలోగా కడతానని స్పష్టంగా రాయండి. మొదటి ఆఫర్‌లోనే మీరు కట్టగలిగిన ఆఖరి అంకె చెప్పకండి. గడువు విషయంలో ఒక కిటుకు తెలిసి ఉండాలి: 2023 జూన్ నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం సెటిల్‌మెంట్ సొమ్ము కట్టే వ్యవధి మూడు నెలలు దాటితే దాన్ని రీస్ట్రక్చరింగ్‌గా (లోను షరతులు మార్చినట్టుగా) లెక్కిస్తారు. బ్యాంకు ఏడాది గడువుకు వెనకాడేది ఇందుకే. మూడు నెలల లోపు చెప్పిన ఆఫర్ త్వరగా కదులుతుంది.

ఓటీఎస్ చెడేది చాలావరకు మంజూరు ఉత్తరం దగ్గరే. అందులో సహరుణగ్రహీతలు, షూరిటీలు అందరి పేర్లూ ఉండాలి. భర్త ఒక్కడి పేరున సెటిల్ చేస్తే భార్య మీద బాకీ అలాగే నిలవవచ్చు. కాంట్రాక్టు చట్టం 44వ సెక్షన్ ప్రకారం ఉమ్మడిగా మాట ఇచ్చినవారిలో ఒకరిని వదిలేస్తే మిగతావారు విడుదల కారు. కేసులు ఉపసంహరిస్తామని, ఖాళీ చెక్కులు తిరిగిస్తామని కూడా రాయించుకోండి. ఆఖరి తేదీ తప్పితే ఏమవుతుందన్న షరతును రెండుసార్లు చదవండి. చాలా ఉత్తరాల్లో ఒక్క రోజు ఆలస్యమైనా తగ్గింపు రద్దయి, కట్టింది పాత బాకీలో జమవుతుందని ఉంటుంది. ఫోన్‌లో మేనేజరు ఇచ్చిన మాటకు విలువ లేదు.

ఓటీఎస్‌కు ఉన్న అసలు ఖర్చు సిబిల్‌లో (మీ అప్పుల చరిత్ర నమోదయ్యే చోట) కనబడుతుంది. ఖాతా ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని నమోదవుతుంది. ఇల్లు వేలమైన మచ్చ ఎలాగూ ఉంది కాబట్టి, ఈ మాట కోసం లక్షల తగ్గింపు వదులుకోవడం నాకు అర్థవంతంగా తోచదు. దగ్గరి భవిష్యత్తులో మళ్లీ పెద్ద లోను తప్పనిసరైన వారి సంగతి వేరు. అటువంటి వారికి, బాకీ రెండు మూడు లక్షలే ఉన్నవారికి, పూర్తి మొత్తాన్ని వాయిదాల్లో కట్టడం సబబే. అప్పుడు మిగిలిన బాకీ మీద ఇకపై వడ్డీ ఆపాలని అడగాలి. వడ్డీ నడుస్తూనే ఉంటే నెలనెలా కట్టేది వడ్డీకే పోయి అసలు కదలదు. ఒక్కో వాయిదాతో కాలపరిమితి కొత్తగా మొదలవుతుందన్నదీ మరవకండి.

వేలంలోనే లోపం ఉంటే కోర్టు దారి ముందుకొస్తుంది. అమ్మకానికి ముందు 30 రోజుల నోటీసు మీకు అందిందా? మొదటి వేలం జరిగింది ప్రకటనకు 30 రోజుల తర్వాతేనా? వాల్యుయేషన్ కొత్తదేనా? రిజర్వు ధర (వేలానికి పెట్టిన కనీస ధర) కన్నా తక్కువకు, మీ అంగీకారం లేకుండా అమ్మారా? వీటిలో ఒక్కటి తప్పినా సర్ఫేసీ చట్టం 17వ సెక్షన్ కింద డీఆర్‌టీకి వెళ్లవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో డీఆర్‌టీలు హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో ఉన్నాయి. గడువు 45 రోజులే. 32 లక్షల బాకీకి దరఖాస్తు రుసుము 10,500 రూపాయలు. ముందుగా ఏ డిపాజిట్టూ అక్కర్లేదు. ఓడి అప్పీలుకు వెళ్తే మాత్రం బాకీలో 50 శాతం (తగ్గిస్తే 25 శాతం) కట్టాలి, అప్పీలేట్ ట్రిబ్యునల్ కోల్‌కతాలో ఉంది. ఈ దారి లాభం తరచూ ఇల్లు తిరిగి రావడంలో కాదు. గట్టి లోపం చూపించగలిగితే బ్యాంకు సెటిల్‌మెంట్ బల్ల దగ్గరికి దిగి వస్తుంది. లోపం ఏదీ లేకుండా కాలం గడపడానికే వేసే పిటిషన్ లాయరు ఫీజు తినడం తప్ప ఏమీ చేయదు.

చప్పుడు చేయకుండా ఉండిపోతే? ఆస్తీ, జీతమూ, షూరిటీ ఏదీ లేనివారికి అది కొన్నాళ్లు నడవవచ్చు. ఉద్యోగస్తులకు నడవదు. సమన్లు వచ్చినా హాజరు కాకపోతే బ్యాంకు చెప్పిన అంకే ఎక్స్‌పార్టీ డిక్రీ (మీ వాదన వినకుండా ఇచ్చే తీర్పు) అవుతుంది. పైన లెక్కలో కనబడిన తప్పులన్నీ దాంతో గట్టిపడిపోతాయి. ఆ తర్వాత జీతం జప్తు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు మినహాయింపు. అంటే 60,000 జీతంలో సుమారు 19,666 దాకా పట్టుకోవచ్చు. ఒకే డిక్రీ కింద అది మొత్తం 24 నెలలకు మించకూడదు. పీఎఫ్ సొమ్మును ముట్టుకోలేరు. షూరిటీ ఉంటే బ్యాంకు నేరుగా ఆయన జీతం వైపే తిరగవచ్చు. మీకోసం సంతకం పెట్టిన బావగారినో, తోటి ఉద్యోగినో ఆ స్థితికి నెట్టే ముందు ఆయనతో ఒక మాట చెప్పడం మీ బాధ్యత.

ఐపీ పెట్టడం, అంటే దివాలా పిటిషన్ వేయడం, ఆఖరి దారి. 2016 నాటి దివాలా కోడ్‌లో మామూలు వ్యక్తులకు సంబంధించిన భాగం ఇంకా అమల్లోకి రాలేదు. కనుక 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే గతి. ఈ బాకీతోపాటు చేబదుళ్లు, చిట్టీలు, పర్సనల్ లోన్లు కలిసి తలకు మించితేనే దీని గురించి ఆలోచించాలి. రెండేళ్ల లోపు బంధువుల పేర ఊరికే రాసిచ్చిన ఆస్తిని కోర్టు రద్దు చేయగలదు. మీ ఆస్తి తాకట్టు లేని బాకీల్లో రూపాయికి ఎనిమిదణాలు (అంటే సగం) కూడా పలకకపోతే, అందులో మీ తప్పు లేదని రుజువు చేయాలి. లేకపోతే పూర్తి విముక్తి దొరకదు. ఒక్క 8.90 లక్షల బాకీ కోసం ఇంత దూరం వెళ్లడం తగదు.

బేరం కుదిరే సూచన ఉండి, బ్యాంకు మాట మీద నమ్మకం కుదరకపోతే లోక్ అదాలత్‌లో రాజీ రాయించుకోవచ్చు. ఆ అవార్డుకు డిక్రీతో సమానమైన బలం ఉంది, దాని మీద అప్పీలు లేదు. ఆ బలం ఇద్దరికీ వర్తిస్తుంది, మీరు తప్పితే బ్యాంకు నేరుగా అమలుకు వెళ్తుంది.

సొమ్ము కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, రెండు నెలలకు సిబిల్ రిపోర్టు తెప్పించి చూడండి. బాకీ ఇంకా కనబడితే సరిచేయమని రాయండి. 30 రోజులు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి.