ఫ్రెండ్ ల్యాప్‌టాపా, సీటీసీ ల్యాప్‌టాపా?

మా ఫ్రెండ్ ఒకడు కొత్తది కొనుక్కుని, పాత ల్యాప్‌టాప్ 18 వేలకి ఇస్తానన్నాడు. ఆ డబ్బుకి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్లో, అదే మన సీటీసీలో, రీఫర్బిష్డ్‌వి, అంటే పాతవి బాగుచేసి అమ్మేవి, బోలెడు.

ఫ్రెండ్ దగ్గరైతే దాని చరిత్ర తెలుస్తుంది. టీ ఒలికిందా, కింద పడిందా అని అడగొచ్చు. పైగా రెండు రోజులు ఇంట్లో వాడి చూడొచ్చు. నేను అదే చేశాను. విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీస్తే, కొత్తలో 50 వాట్ అవర్లు పట్టిన బ్యాటరీ ఇప్పుడు 29 దగ్గరే ఆగిపోతోంది. వాడికీ తెలీదు పాపం, ఎప్పుడూ ఛార్జర్ పెట్టే వాడేవాడు. మూత తెరిస్తే కుడివైపు కిర్రుమంటోంది కూడా. ఇవన్నీ చెప్పి ధర తగ్గించమనడానికే నాకు మొహమాటం. రేపు మదర్‌బోర్డ్ పోతే ఎవరినని అంటాం?

సీటీసీలో ఆ బాధ లేదు. నచ్చకపోతే పక్క షాపుకి వెళ్లిపోవచ్చు. వారంటీ అంటారు, బిల్లు మీద రాయించుకుంటేనే లెక్క. కానీ పైన తళతళలాడేదాన్ని లోపల ఎంతమంది విప్పారో ఎవరికి తెలుసు?

ఇంకోటి, విండోస్ 10కి మామూలు సపోర్ట్, అంటే ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు, 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం నుంచే కుదురుతుంది. సీటీసీలో ముందు చూపించింది 6వ తరం. మావాడిది 8.

బ్యాటరీ రిపోర్ట్ వాడికి వాట్సాప్ చేసి, 15కి ఇస్తావా అన్నాను. "ముందే చెప్పొచ్చుగా రా, తీస్కో" అన్నాడు.