పల్లెవెలుగా, షేర్ ఆటోనా, మినీ బస్సా: లోపలి ఊళ్లకు ఏది మేలు?

మా మామయ్య వాళ్ల ఊరు హైవే స్టేజీ నుంచి నాలుగు కిలోమీటర్లు లోపలికి. నా చిన్నప్పుడు అక్కడికి నైట్ హాల్ట్ బస్సు వచ్చేది. రాత్రి ఎనిమిదిన్నరకు బడి ముందు ఆగితే డ్రైవరు, కండక్టరు అందులోనే పడుకునేవాళ్లు. ఎవరింటి నుంచో పప్పుచారు గిన్నె వచ్చేది. తెల్లారి ఐదున్నరకు హారన్ కొడితే పాల క్యాన్లు, కూరగాయల గంపలు, కాలేజీ పిల్లలు అన్నీ ఒక్కసారిగా ఎక్కేవి. ఆ హారన్ విన్నాకే మా అత్తయ్య పొయ్యి వెలిగించేది.

ఇప్పుడు ఆ దారిలో ఎక్కువగా ఆటోలే. వాటిని తీసిపారేయడం తేలికే గానీ చెయ్యెత్తితే ఆగేది, ఇంటి ముందు దింపేది, ఎరువు బస్తా ఉన్నా ఎక్కించుకునేది ఆటోనే. చిక్కల్లా టైముతో. మొన్న సంక్రాంతికి స్టేజీలో దిగి ఆటో ఎక్కాను. వెనక ఐదుగురం, డ్రైవరుకు అటొకరు ఇటొకరు. "ఇంకొక్కరు రానీ అన్నా, కదులుదాం" అంటూ ముప్పావు గంట. చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకున్నావిడ చివరికి "ఆ ఒక్కరి డబ్బులు నేనిస్తా, పోనీ బాబూ" అంది. చట్టం లెక్కలో ఆటో కాంట్రాక్టు క్యారేజి. దారి పొడుగునా మనుషుల్ని ఎక్కించి దించడానికి వీల్లేదు. చూసీ చూడనట్టు నడిచే పని కాబట్టి చార్జీ ఇంత అని ఎక్కడా రాసి ఉండదు. చీకటి పడితే ఎంత అడిగితే అంత.

పల్లెవెలుగులో చార్జీ ఖాయం, స్టూడెంట్ పాస్ చెల్లుతుంది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచితం కూడా. రోజూ కూలికి టౌనుకెళ్లే మనిషికి అది చిన్న డబ్బు కాదు. కానీ బస్సే రాని ఊళ్లో జీరో టికెట్ ఏం చేసుకోవాలి? లోపలి ఊరి ట్రిప్పు పొద్దున నిండుగా వెళ్తుంది, ఖాళీగా తిరిగొస్తుంది. కిలోమీటరుకు ఎంత రాబడి అని డిపోలో లెక్క తీస్తే ముందు కళ్లబడేది ఇలాంటి ట్రిప్పే. డిపో మేనేజరును తిట్టి లాభం లేదు, పైవాళ్లు ఆయన్ని అడిగేదీ ఆ లెక్కే.

తమిళనాడు ఇంకో దారి పట్టింది. అక్కడ 1997లోనే మినీ బస్సుల పథకం వచ్చింది, 2025 జూన్‌లో కొత్త రూపంలో మళ్లీ మొదలైంది. ప్రైవేటు వాళ్లకు పర్మిట్లు ఇస్తారు. రూటు 25 కిలోమీటర్లు దాటకూడదు, అందులో కనీసం 65 శాతం బస్సు లేని దారి కావాలి. నాకు బాగా నచ్చింది ఈ నిబంధనే. అది లేకపోతే ప్రతి ఓనరూ మెయిన్ రోడ్డే పట్టుకుంటాడు. మన దగ్గర ఉన్నపళంగా ఇది కుదరదు. 1988 మోటారు వాహనాల చట్టం ఆరో అధ్యాయం కింద ఇక్కడి రూట్లు చాలావరకు ఆర్టీసీవి. 2019లో 52 రోజుల సమ్మె నడుస్తుండగా తెలంగాణ కేబినెట్ 5,100 రూట్లు ప్రైవేటుకు ఇస్తామని తీర్మానించినా అది ముందుకు సాగలేదు. అయినా నా అనుమానం వేరు. టికెట్ డబ్బు మీద బతికే ఓనరు మధ్యాహ్నం రెండింటి ట్రిప్పు వేస్తాడా? డీజిల్ గిట్టని రోజు బండికి రిపేరు వస్తుంది.

అందుకే నేనైతే అద్దె బస్సునే అడుగుతాను, అదీ ఇరవై సీట్ల చిన్నది. పద్ధతి కొత్తదేం కాదు. బండి, డ్రైవరు ఓనరువి. రూటు, టైము, చార్జీ ఆర్టీసీవి. ఓనరుకు డబ్బు కిలోమీటర్ల లెక్కన వస్తుంది కాబట్టి ఎంతమంది ఎక్కారన్న టెన్షన్ అతనికి ఉండదు. ట్రిప్పు ఎగ్గొడితే బిల్లులో కోత పడాలి, పొద్దుటి మొదటిదీ రాత్రి చివరిదీ ఎగ్గొడితే రెట్టింపు కోత. నష్టం ఎవరు మోయాలంటే, జీరో టికెట్ల డబ్బు ఆర్టీసీకి ప్రభుత్వమే కట్టాలి కదా, లోపలి ఊళ్ల కిలోమీటర్లకూ అలాగే కట్టాలి.

పది పదిహేను గడపల తండాలకు మాత్రం బస్సు అడగను. అక్కడికి ఆటోనే సరి. స్టేజీ దగ్గర చెట్టుకు ఒక బోర్డు కట్టి పగలు ఇంత, రాత్రి ఇంత అని రాస్తే ఎనిమిదింటికి బస్సు దిగినవాళ్లు చీకట్లో బేరమాడే పని ఉండదు.