మినియాపొలిస్ చలిలో బోబో హైడ్రేంజియా: ఎనిమిది వేసవుల అనుభవం

2018 మే నెలలో అమెరికాలోని మినియాపొలిస్‌లో మా ఇంటి ముందు, కిటికీల కింద, అడుగు ఎత్తున్న రెండు బోబో హైడ్రేంజియా పూల మొక్కలు నాటాను. అంతకు ముందు అదే చోట, ఊటీలో చూసి మనసుపడిన నీలి రంగు గుండ్రని పూల రకాన్ని మూడేళ్ళు పెంచాను. ఏటా ఆకులు ఏపుగా వచ్చేవి గానీ ఒక్క పువ్వూ పూయలేదు. ఆ రకం ప్రధానంగా ముందటి ఏడాది కొమ్మల మీదే మొగ్గలు కట్టుకుంటుందని, చలికాలంలో ఆ కొమ్మలు ఎండిపోతే మొగ్గలూ వాటితోనే పోతాయని నాకు ఆలస్యంగా తెలిసింది.

బోబో అలా కాదు. బెల్జియంలోని ఇల్వో పరిశోధన సంస్థలో రూపొందిన ఈ పానికిల్ (కంకుల్లా పూసే) హైడ్రేంజియా రకం, వసంతంలో వేసిన కొత్త కొమ్మల చివర పూస్తుంది. 2019 జనవరి 30న ఇక్కడ ఉష్ణోగ్రత మైనస్ 28 డిగ్రీల ఫారన్‌హీట్‌కు పడిపోయింది. నాటి ఏడాదైనా నిండని మొక్కలు కావడంతో ఆశ వదులుకున్నాను. కానీ మే నెలలో రెండూ చిగుళ్ళు వేసి, జూలైలో ఆకులు కనబడనంతగా తెల్లని కంకులతో నిండిపోయాయి. అప్పటి నుంచి ఏ ఏడూ పూత తప్పలేదు. ఎత్తు మూడడుగుల దగ్గరే ఆగింది కనుక కిటికీలకు అడ్డం రాలేదు.

నేను చేసే పని పెద్దగా లేదు. ఏప్రిల్ మొదట్లో, చిగురు కదలక ముందే, కొమ్మలను మూడో వంతు మేరకు కత్తిరించి, మొదళ్ళ చుట్టూ చెక్కపొట్టు పరుస్తాను. మొదటి రెండు వేసవుల్లో మాత్రం వారానికి రెండుసార్లు నీరు నిండుగా పెట్టాను. ఎండ విషయంలో రాజీ పడకూడదు. గ్యారేజీకి ఉత్తరం వైపు, రోజుకు మూడు గంటల ఎండ మాత్రమే తగిలే చోట నాటిన మూడో మొక్క బతికింది గానీ, దాని సన్నని కొమ్మలు వాన పడితే నేలకు వాలిపోయేవి. ఆరు గంటల ఎండ తగిలే చోటికి మార్చిన తరువాతే అది నిలదొక్కుకుంది.

చలి కన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టినవి కుందేళ్ళు. మొదళ్ళ చుట్టూ అడుగున్నర ఎత్తు ఇనుప వల కట్టి నిశ్చింతగా ఉన్నాను. మంచు అడుగు మేర పేరుకున్నాక అవి దాని మీదే నిలబడి, వల పైనుంచి కొమ్మలన్నీ కొరికేశాయి. వల ఎత్తును మంచు పైనుంచి లెక్కవేయాలి కాబట్టి ఇప్పుడు మూడడుగులది కడుతున్నాను.

రంగు గురించి ఒక మాట. నీలి రకంలా దీని పూల రంగు మట్టిలోని ఆమ్లాన్ని బట్టి మారదు కనుక, నీలం కోసం మందులు వేసి ప్రయోజనం లేదు. తెల్లగా విచ్చుకున్న కంకులు రాత్రులు చల్లబడే కొద్దీ గులాబీ రంగుకు తిరుగుతాయి. తంగేడు, గునుగు దొరకని ఈ ఊళ్ళో మా ఇంట్లో బతుకమ్మ పేర్చేటప్పుడు కింది వరుసలకు ఆ కంకులే వాడుతున్నాము. కాడలు గట్టివి కావడం వల్ల వరుస జారదు. మిగిలినవాటిని కోయకుండా పొద మీదే ఉంచేస్తాను. మంచు కురిసినప్పుడు ఎండిన ఆ కంకులు కిటికీలోంచి చూడటానికి ఎంతో బాగుంటాయి.