ఈఎంఐ కోర్సు: ఆరు వారాలు కూర్చున్నాక

ఈఎంఐ అనగానే మనకు గుర్తొచ్చేది బ్యాంకు వాయిదా. యూనివర్సిటీల్లో ఆ మూడక్షరాలకు ఇంకో అర్థం ఉంది: ఇంగ్లిష్ మీడియం ఇన్‌స్ట్రక్షన్. అంటే ఇంగ్లిష్ మాతృభాష కాని దేశంలో పాఠాలు ఇంగ్లిష్‌లో చెప్పడం. అలా చెప్పాల్సిన అధ్యాపకులకు శిక్షణ ఇచ్చే కోర్సు ఒకటి ఈమధ్యే పూర్తి చేశాను. ఆరు వారాలు, వారానికి ఒక రోజు రెండు గంటలు. కొద్దిమందిమే చేరాం. ఒక్కరికీ ఇంగ్లిష్ అమ్మభాష కాదు. తిట్టాల్సినవి కూడా ఉన్నాయి కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు.

నేను రెండో ఏడాది వాళ్లకు స్టాటిస్టిక్స్ చెబుతాను. ఆ సబ్జెక్టును ఇంగ్లిష్‌లోకి మార్చాలని డిపార్ట్‌మెంట్ నిర్ణయించి, చెప్పేవాళ్లందరూ శిక్షణకు వెళ్లాలంది. నా చదువంతా ఇంగ్లిష్ మీడియమే. నాకెందుకీ గోల అనుకుంటూనే పేరిచ్చాను. నాలుగో వారంలో ఆ పొగరు దిగింది.

ఆ వారం ఒక్కొక్కరం ఇరవై నిమిషాల పాఠం చెప్పాలి. మిగతావాళ్లు విద్యార్థుల్లా కూర్చుని నోట్స్ రాసుకుంటారు. వీడియో తీస్తారు. తర్వాత ఇద్దరు, అంటే ఒక భాషా టీచరు, మన సబ్జెక్టు తెలిసిన ఇంకొకరు, ఆ వీడియో మన పక్కన కూర్చుని చూస్తూ ఎక్కడికక్కడ ఆపుతారు. ఇది ఈ సంస్థ సొంత ఆలోచనేం కాదు. కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుల ఇంగ్లిష్‌ను పరీక్షించే టోపాస్‌లోనూ ఇలాగే ఇరవై నిమిషాల పాఠం చెప్పించి, ప్రశ్నలు అడిగిస్తారు. ఎవరి దగ్గర నేర్చుకుంటేనేం, మంచి పని చేశారు.

నా వీడియో మొదటిసారి ఆగింది ‘ఎనీ డౌట్స్?’ దగ్గర. మనం చిన్నప్పటి నుంచి క్లాసులో వింటున్న మాటే. ప్రశ్నలుంటే అడగమని. అడిగాను, ఆగాను, ఎవరూ నోరు విప్పలేదు. సరే అందరికీ అర్థమైందనుకుని ముందుకెళ్లిపోయాను. మనకు ‘డౌట్’ అంటే ప్రశ్న, బయటి ఇంగ్లిష్‌లో అపనమ్మకం. నేను చెప్పింది మీరు నమ్మడం లేదా అని నేను నిలదీస్తున్నట్టు అనిపించిందట వింటున్నవాళ్లలో ఇద్దరికి. ఇన్నేళ్లుగా ఎన్ని క్లాసుల్లో అడిగానో ఆ మాట! విద్యార్థుల మౌనానికి కారణాలు వెతుక్కున్నాను గాని, నా ప్రశ్నను నేనెప్పుడూ అనుమానించలేదు.

రెండోసారి ఒక అంకె దగ్గర ఆగింది. స్లైడ్ మీద 1.250 అని ఉంది. నాకది ఒకటీ పావు. ముందు వరుసలో కూర్చున్నాయన నోట్స్‌లో పన్నెండు వందల యాభై వేసుకున్నాడు. ఐరోపాలో చాలా దేశాల్లో దశాంశానికి కామా వాడతారు, వేల దగ్గర చుక్క పెడతారు. స్టాటిస్టిక్స్ చెప్పేవాళ్లకు ఇంతకంటే పెద్ద గొయ్యి ఉంటుందా? ఇప్పుడు మొదటి క్లాసులోనే బోర్డు మీద రాసి చెప్పేస్తున్నాను. థర్టీన్, థర్టీ తేడా కూడా అంతే. వినేవాళ్లకు అనుమానం రాకుండా ‘వన్ త్రీ’, ‘త్రీ జీరో’ అని ఒకసారి విడదీసి చెప్పమన్నారు. చిన్న చిట్కా, రోజూ పనికొస్తోంది.

మూడోది నాకు అన్నిటికంటే విలువైనది. నాలుగో స్లైడ్ నుంచి ఐదో స్లైడ్‌కు ఒక్క మాట కూడా చెప్పకుండా దూకాను. సొంత భాషలో వినేవాళ్లు ఆ సందును వాళ్లే పూడ్చుకుంటారట. రెండో భాషలో వింటున్నవాళ్లు అప్పటికి ఇంకా వెనకటి వాక్యం దగ్గరే ఉంటారు. అందుకని మలుపు వచ్చిన ప్రతిచోటా ‘ఇప్పటిదాకా సగటు చూశాం, అది చాలదు, ఎందుకంటే’ అని నోటితో చెప్పి ఒక క్షణం ఆగాలి. వాక్యాలు పొట్టివి కావాలి, పాఠం కాస్త పొడుగవ్వాలి. నా స్లైడ్లలో మూడో వంతు తీసేశాను.

ఇంత మంచి నాలుగో వారం కోసం రెండో వారం, మూడో వారం భరించాలి. అవి పూర్తిగా ఉచ్చారణకు. ఇంట్లో చేసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. మనం మాట చెబితే పచ్చ గాని ఎరుపు గాని చూపిస్తుంది. ‘వేరియన్స్’ అన్న ప్రతిసారీ నాకు ఎరుపే. వేరియన్స్‌కీ వెయిట్‌కీ మనకున్నది ఒకే ‘వ’. పళ్లు పెదవికి ఆనించి చెప్పు, పెదాలు గుండ్రంగా చుట్టి చెప్పు అంటూ ఒక రాత్రంతా అద్దం ముందు కష్టపడ్డాను. చివరికి పచ్చ వచ్చింది. మర్నాడు క్లాసులో మళ్లీ పాత ‘వ’తోనే చెప్పాను, ఎవరికీ తేడా తెలియలేదు. ఆ సాఫ్ట్‌వేర్ లండన్ వాళ్లలా మాట్లాడమంటుంది. నా క్లాసులో లండన్ వాళ్లెవరూ లేరు.

మా బ్యాచ్‌లో భూగర్భశాస్త్రం చెప్పే ఒకాయన ఉన్నారు. ఆయన యాసలో మొదటి రెండు నిమిషాలు ఏ మాట ఎక్కడ తెగుతుందో పట్టుకోవడమే కష్టం. అయితే ప్రతి కొత్త మాటనూ బోర్డు మీద రాశారు, పక్కన బొమ్మ గీశారు, చెప్పింది మళ్లీ ఇంకో రకంగా చెప్పారు. పాఠం అయ్యేసరికి రాతిపొరల గురించి ఏమీ తెలియని నాకే అంతా అర్థమైంది. సాఫ్ట్‌వేర్‌లో అందరికంటే ఎక్కువ పచ్చలు తెచ్చుకున్నావిడ మాత్రం స్లైడ్లను గడగడా చదివేసి కూర్చున్నారు. ఇది అందరం కళ్లారా చూశాక కూడా ఐదో వారంలో మళ్లీ ఉచ్చారణ పాఠమే పెట్టారు. ఎందుకో మరి.

ఐదో వారం రెండో గంట విద్యార్థులను మాట్లాడించడం గురించి. ఆ గంటలో యాభై నిమిషాలు శిక్షకురాలు ఒక్కరే మాట్లాడారు. నవ్వాపుకోవడం కష్టమైంది. ఆవిడ చెప్పిన ఒక పరిశోధన మాత్రం వెతికి చదివాను. జాన్ ఏరీ, సెడ్రిక్ లిండర్ 2006లో స్వీడన్ భౌతికశాస్త్ర విద్యార్థుల గురించి రాసినది. అదే విద్యార్థులు సొంత భాషలో జరిగే క్లాసులో కంటే ఇంగ్లిష్ క్లాసులో తక్కువ ప్రశ్నలు అడిగారు, తక్కువ జవాబులు చెప్పారు. నోట్స్ రాసుకునే పనిలో పడి పాఠం జారవిడుచుకున్నవాళ్లూ ఉన్నారు. అది చదివాక నోట్స్ ముందురోజే పంపేస్తున్నాను. క్లాసు మధ్యలో మూడు నిమిషాలు పక్కవాళ్లతో ఏ భాషలోనైనా సరే మాట్లాడుకోమని, తర్వాతే ప్రశ్నలు అడగమంటున్నాను. ప్రశ్నలు వస్తున్నాయి.

ఈ ‘ఏ భాషలోనైనా’ దగ్గరే శిక్షకురాలికీ నాకూ పడలేదు. క్లాసు గడప దాటి లోపలికొస్తే ఇంగ్లిష్ తప్ప ఇంకోటి వినపడకూడదని వాళ్ల పుస్తకంలో ఉంది. అంత పట్టుదల కోర్టులకెక్కిన సంగతి కూడా ఉంది. ఇటలీలోని మిలాన్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం 2014 నుంచి పీజీ, డాక్టరేట్ కోర్సులన్నీ ఇంగ్లిష్‌లోనే నడపాలని 2012లో నిర్ణయిస్తే, అక్కడి అధ్యాపకులే కొందరు కేసు వేశారు. కొన్ని కోర్సులు ఇంగ్లిష్‌లో ఉండొచ్చు గాని ఇటాలియన్‌ను పూర్తిగా పక్కకు నెట్టడం కుదరదని 2017లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. ఈ మాట అంటే ఆవిడ మర్యాదగా నవ్వి తర్వాతి స్లైడ్‌కు వెళ్లిపోయారు. మలుపు దగ్గర ఒక్క మాట కూడా చెప్పకుండా.

చివర్లో సర్టిఫికెట్ ఇచ్చారు. దాని మీద సీ1 అని ఉంది. ఏ1 నుంచి సీ2 దాకా ఉండే ఆ ఆరు మెట్లు మామూలుగా భాష ఎంత వచ్చో చెప్పడానికి తయారుచేసినవి. పాఠం ఎలా చెబుతారో వాటికి తెలియదు. డిపార్ట్‌మెంట్‌కు కాగితం కావాలి, వచ్చింది.

ఐదుకు మూడు ఇస్తాను. కొత్తగా ఇంగ్లిష్‌లో చెప్పబోతున్నవాళ్లు, అందులోనూ ఇంగ్లిష్ బాగా వచ్చు కదా అని ధీమాగా ఉన్నవాళ్లు, నాలుగో వారం కోసం చేరండి. ఉచ్చారణ వారాల్లో మీ పేపర్లు దిద్దుకోండి.

పేపర్లంటే గుర్తొచ్చింది. పరీక్షల గురించి ఈ కోర్సులో ఒక్క ముక్క లేదు. పోయిన సెమిస్టర్‌లో నేనిచ్చిన ఒక ప్రశ్నలో ఒకే వాక్యంలో ‘నాట్’, ‘అన్‌లెస్’ రెండూ ఉన్నాయి. లెక్కలో దిట్టలైన పిల్లలు కూడా దాన్ని తలకిందులుగా అర్థం చేసుకుని, తప్పు ప్రశ్నకు తప్పులేని జవాబు రాశారు. వాళ్లకు మార్కులు వేయాలా వద్దా? భాష తప్పులకు కోత పెట్టాలా? ఎంత? ఆరో వారం ఇదే అడిగితే, మీ యూనివర్సిటీ నిబంధనలు చూసుకోండి అన్నారు. ఈ సంగతంతా ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాద్దామని కూర్చుంటే, ఆ గడి రెండు వాక్యాలకే నిండిపోయింది.